నెలాఖరు అంటే ఏ తేదీ? జావాలో తేదీ, సమయాల సవరణకు సమగ్ర మార్గదర్శి

హనుమకొండలో చిట్టీలు నడిపే ఒక పరిచయస్తుడి కోసం కొన్నేళ్ల కిందట నేను ఒక చిన్న లెక్కల ప్రోగ్రాం రాసి ఇచ్చాను. ప్రతి నెలా ఆఖరు రోజున కిస్తు కట్టాలన్నది ఆ చిట్టీ నియమం. జనవరి 31న మొదలైన చిట్టీకి రెండో గడువు ఫిబ్రవరి 28గా వచ్చింది. అందులో తప్పు లేదు. అయితే మూడో గడువు మార్చి 28గా, నాలుగోది ఏప్రిల్ 28గా, ఆ తరువాత ప్రతి నెలా 28గానే వస్తూ పోయింది. ఆలస్య రుసుము ముందుగానే ఎందుకు పడుతున్నదని సభ్యులు నిలదీసే దాకా నేను దాన్ని గమనించలేదు.

కారణం వెతికితే సులభంగానే దొరికింది. ప్రతిసారీ కిందటి గడువుకు ఒక నెల కలుపుతూ పోయాను. ఫిబ్రవరి దగ్గర 31 కాస్తా 28గా కుదించుకుపోయిన తరువాత, అసలు తేదీ 31 అన్న సంగతి ప్రోగ్రాంలో ఎక్కడా మిగలలేదు. అప్పుడు లెక్కను మార్చి, మొదటి తేదీ నుంచే ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు కలిపేలా దిద్దాను. అది కొంతకాలం బాగానే నడిచింది. మరో చిట్టీ ఏప్రిల్ 30న మొదలైనప్పుడు దాని రెండో గడువు మే 30గా వచ్చింది. మే నెలాఖరు 31 కదా! ప్రోగ్రాం దృష్టిలో 30 అంటే 30వ తేదీయే, సభ్యుల దృష్టిలో అది నెలాఖరు. నేను దాచుకున్నది తేదీని మాత్రమే, దాచుకోవలసింది నియమాన్ని. ఈ మార్గదర్శిలో చెప్పబోయే మెలకువలన్నీ ఆ ఒక్క తేడా చుట్టూ తిరుగుతాయి.

ఉదాహరణలకు జావా భాషను ఎంచుకున్నాను. ప్రోగ్రాం వరుసలను ఇక్కడ తెలుగు లిపిలోనే చూపిస్తున్నాను. క్లాసు అంటే ఒక రకం విలువకు వేసిన నమూనా, ఆ నమూనాతో తయారైన విలువ ఆబ్జెక్ట్, దానితో చేయించే పని మెథడ్. వాటిలోని క్లాసుల, మెథడ్‌ల పేర్లను మీరు ఎడిటర్‌లో జావా లైబ్రరీలో ఉన్నట్టుగా రోమన్ లిపిలో రాసుకోవాలి. వేరియబుల్ పేర్లను, అంటే విలువలను దాచుకోవడానికి మనం పెట్టుకునే పేర్లను, మాత్రం తెలుగులోనే ఉంచినా జావా అభ్యంతరం చెప్పదు. యూనికోడ్ అక్షరాలను అది పేర్లలో అనుమతిస్తుంది. ఉద్యోగంలో అలా రాయమని నేను సలహా ఇవ్వను కానీ, నేర్చుకునే దశలో పేరు సొంత భాషలో ఉంటే ఆ వేరియబుల్ ఎందుకు ఉందో మరిచిపోము.

మొదటి అడుగు: ప్రశ్నను మాటల్లో రాసుకోండి

కీబోర్డు ముట్టుకునే ముందు, తేదీకి ఏం జరగాలో ఒక వాక్యంలో రాయండి. ఆ వాక్యంలోని క్రియను చూస్తే పని మూడింటిలో ఏదో ఒకటిగా తేలుతుంది. ఉన్న తేదీ నుంచి ఇంత దూరం ముందుకో వెనక్కో పోవడం జరపడం. తేదీలోని ఒక భాగాన్ని ఫలానా విలువగా, లేదా నియమం ప్రకారం ఫలానా రోజుగా చేయడం దిద్దడం. అక్కరలేని నిమిషాలు, సెకన్లు తీసివేయడం కత్తిరించడం. “ఉద్దెర ఇచ్చిన 90 రోజులకు” అన్నది జరపడం. “ఈ నెల ఆఖరు రోజున” అన్నది దిద్దడం. “ఏ గంటలో ఎంత అమ్మకం జరిగింది” అన్న లెక్కకు కావలసింది కత్తిరించడం. జావా లైబ్రరీ కూడా ఈ మూడింటికి వేరు వేరు మెథడ్‌లు పెట్టింది: జరపడానికి ప్లస్, మైనస్, దిద్దడానికి విత్, కత్తిరించడానికి ట్రంకేటెడ్‌టు.

నా చిట్టీ కథలో తప్పు ఇక్కడే మొదలైంది. నియమం దిద్దే పనిని అడుగుతుంటే నేను జరిపే మెథడ్‌ను వాడాను.

రెండో అడుగు: సరైన క్లాసును ఎంచుకోండి

జావా మొదటి వెర్షన్‌లో వచ్చిన పాత డేట్ క్లాసు, ఆ వెంటనే వచ్చిన క్యాలెండర్ క్లాసు ఇప్పటికీ లైబ్రరీలో ఉన్నాయి, పాత ప్రోగ్రాంలలో ఇంకా తగులుతూనే ఉంటాయి. వాటిలో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది, అంటే జనవరి 0, డిసెంబరు 11. పాత డేట్‌లో సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కించాలి. పైగా ఒకసారి తయారుచేసిన ఆబ్జెక్ట్‌ను ఎవరైనా ఎక్కడి నుంచైనా మార్చవచ్చు. 2014 మార్చిలో విడుదలైన జావా 8తో జావా టైమ్ అనే కొత్త ప్యాకేజీ వచ్చింది. జోడా టైమ్ అనే లైబ్రరీని రాసిన స్టీఫెన్ కోల్‌బోర్న్ దీని రూపకల్పనలో ముఖ్యుడు. కొత్తగా రాసే ప్రోగ్రాంలో దీన్నే వాడండి.

ఈ ప్యాకేజీలో క్లాసులు ఎక్కువగా ఉన్నట్టు కనిపించినా, ఏది తీసుకోవాలో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: ఈ విలువలో నిజంగా ఏముంది? పుట్టిన తేదీలో గంట లేదు, ఊరి గడియారం లేదు, కాబట్టి అది లోకల్‌డేట్. దుకాణం తెరిచే వేళలో తేదీ లేదు, కాబట్టి అది లోకల్‌టైమ్. రెండూ ఉండి, ఏ దేశపు గడియారమో చెప్పనిది లోకల్‌డేట్‌టైమ్. టైమ్ జోన్‌తో సహా ఉన్నది జోన్డ్‌డేట్‌టైమ్. ప్రపంచమంతటికీ ఒకటే అయిన క్షణం, అంటే డబ్బు ఖాతాలో పడిన ఆ క్షణం, ఇన్‌స్టంట్. నెల, సంవత్సరం మాత్రమే ఉన్నది ఇయర్‌మంత్. చాలామంది దీన్ని పట్టించుకోరు కానీ నెలవారీ లెక్కలన్నింటికీ ఇదే అసలు పునాది.

తప్పు క్లాసును ఎంచుకుంటే ఏమవుతుందో పుట్టిన తేదీతోనే చూడవచ్చు. 2001 ఆగస్టు 15న పుట్టిన విద్యార్థి తేదీని మన అర్ధరాత్రి సున్నా గంటల క్షణంగా భద్రపరిచారనుకోండి. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో, ఉంటే ఆ క్షణం అక్కడ ఆగస్టు 14 సాయంత్రం 6:30 అవుతుంది; అక్కడి నుంచి తేదీని మాత్రమే తీసుకొని ధ్రువపత్రంలో వేస్తే విద్యార్థి ఒక రోజు ముందే పుట్టినట్టు అచ్చవుతుంది. లోకల్‌డేట్‌గా దాచి ఉంటే ఈ సమస్యే రాదు.

మూడో అడుగు: ఫలితాన్ని పట్టుకోండి

జావా టైమ్ క్లాసుల ఆబ్జెక్ట్‌లు ఒకసారి తయారైతే మారవు. ప్లస్ అన్నా, విత్ అన్నా పాత ఆబ్జెక్ట్ అలాగే ఉండి కొత్తది ఒకటి పుడుతుంది. కాబట్టి ఈ కింది వరుస ఏ పనీ చేయదు:

గడువు.ప్లస్‌డేస్(90)

పుట్టిన ఫలితాన్ని ఎవరూ పట్టుకోలేదు, అది గాలికి పోయింది. దీన్ని ఇలా రాయాలి:

కొత్త_గడువు = గడువు.ప్లస్‌డేస్(90)

ప్రోగ్రాం తప్పు చూపదు, ఆగిపోదు, తేదీ మాత్రం మారదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు ఇదే. ఫలితాన్ని అదే పేరులోకి తిరిగి వేయకుండా కొత్త పేరు పెట్టడం మంచి అలవాటు. అసలు తేదీ చేతిలో ఉంటే తరువాత ఏ లెక్కకైనా దాని దగ్గరికి తిరిగి పోవచ్చు.

ఈ మారని గుణం అడ్డంకిలా అనిపించవచ్చు. కానీ ఒక సభ్యుడి గడువు ఆబ్జెక్ట్‌ను నోటీసు రాసే క్లాసుకు, రుసుము లెక్కించే క్లాసుకు ఒకేసారి అందించినప్పుడు, వాటిలో ఒకటి తన అవసరం కోసం తేదీని జరిపితే రెండోదాని లెక్క తారుమారు కాకుండా కాపాడేది ఈ గుణమే. పీహెచ్‌పీలోనూ ఇదే అనుభవంతో, మారే డేట్‌టైమ్ క్లాసు పక్కన మారని డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్‌ను తరువాత చేర్చారు.

నాలుగో అడుగు: జరపడం

రోజులు, వారాలు కలపడంలో చిక్కు లేదు. నెలలు, సంవత్సరాలు కలపడంలో ఉంది, ఎందుకంటే నెల అనేది ఒక నిశ్చితమైన పొడవు కాదు. ఎరువుల దుకాణంలో 2026 జూన్ 15న ఉద్దెర తీసుకున్న రైతుకు గడువు “మూడు నెలలు” అంటే సెప్టెంబరు 15. “90 రోజులు” అంటే సెప్టెంబరు 13. మాటల్లో రెంటినీ ఒకటిగానే వాడతాము కానీ, ప్రోగ్రాం రాసేటప్పుడు కాగితం మీద ఏముందో అడిగి తెలుసుకోవలసిందే. వడ్డీ లెక్కలో ఈ రెండు రోజులే తగాదా తెస్తాయి.

నెలలు కలిపినప్పుడు ఆ తేదీ లేని నెల వస్తే జావా ఆ నెల చివరి రోజుకు కుదిస్తుంది. 2026 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28. లీపు సంవత్సరంలో 29. ఈ కుదింపు వల్ల రెండు ఫలితాలు ఉన్నాయి. ఒకటి, వెనక్కి తిరిగి రాలేము: ఆ ఫిబ్రవరి 28 నుంచి ఒక నెల తీసివేస్తే జనవరి 28 వస్తుంది కానీ 31 రాదు. రెండు, ఒక నెల చొప్పున రెండుసార్లు కలిపితే మార్చి 28, ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. అందువల్ల వరుస గడువులు కావలసినప్పుడు లూప్‌లో ఎప్పుడూ మొదటి తేదీకే ఎన్నో కిస్తో ఆ సంఖ్యను, మొదటి కిస్తును 0గా లెక్కించి, కలపాలి:

గడువు = మొదలు.ప్లస్‌మంత్స్(కిస్తు_సంఖ్య)

ఒక భాషలో నేర్చుకున్న అలవాటును మరో భాషకు మోసుకుపోయేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పీహెచ్‌పీలో జనవరి 31కి ఒక నెల కలిపితే అది కుదించదు, పొంగి పొర్లుతుంది: 2026లో మార్చి 3 వస్తుంది. జావాస్క్రిప్ట్ పాత డేట్ ఆబ్జెక్ట్‌లో నెలను ఫిబ్రవరికి మార్చినా అదే మార్చి 3. పైథాన్ టైమ్‌డెల్టాలో నెల అనే కొలతే లేదు, రీప్లేస్‌తో ఫిబ్రవరి 31 చేయబోతే ఎర్రర్ ఇస్తుంది. సీ షార్ప్ మాత్రం జావా లాగే కుదిస్తుంది. నన్నడిగితే పైథాన్ పద్ధతే నిజాయితీ గలది. “నెల అంటే నీ ఉద్దేశం ఏమిటో నువ్వే చెప్పు” అని ప్రోగ్రామర్‌ను నిలబెట్టి అడుగుతుంది.

జరిపే దూరాన్ని కూడా ఒక ఆబ్జెక్ట్‌గా దాచుకోవచ్చు. సంవత్సరాలు, నెలలు, రోజులతో కొలిచేది పీరియడ్. గంటలు, నిమిషాలు, సెకన్లతో కొలిచేది డ్యురేషన్. లోకల్‌డేట్‌కు డ్యురేషన్‌ను కలపబోతే ప్రోగ్రాం ఎర్రర్‌తో ఆగిపోతుంది, ఎందుకంటే గంటలు లేని విలువకు గంటలు కలపమని అడిగినట్టు అవుతుంది. ఇది లైబ్రరీ చేసిన ఉపకారం, విసుక్కోవద్దు.

ఐదో అడుగు: దిద్దడం

విత్ అనే పదంతో మొదలయ్యే మెథడ్‌లు తేదీలోని ఒక భాగాన్ని మీరు చెప్పిన విలువగా చేస్తాయి. వీటిలో ఒక అసమానత ఉంది, గుర్తుంచుకోండి. జనవరి 31న నెలను 2గా దిద్దితే, ప్లస్‌మంత్స్ లాగే, ఫిబ్రవరి చివరి రోజుకు కుదించి ఇస్తుంది. ఏప్రిల్ తేదీలో రోజును 31గా దిద్దబోతే మాత్రం కుదించదు, ఎర్రర్ ఇస్తుంది. నెలను అడిగినవారికి రోజు గురించి పట్టింపు లేకపోవచ్చు, కానీ 31 అని స్పష్టంగా అడిగినవారికి 30 ఇవ్వడం మోసం అవుతుందన్నది దీని వెనుక తర్కమని నేను అర్థం చేసుకున్నాను.

ఇక విత్‌కు అంకె బదులు ఒక నియమాన్నే అందించవచ్చు. ఆ నియమానికి ప్రతినిధిగా నిలిచే ఇంటర్‌ఫేస్ (క్లాసులు పాటించవలసిన ఒప్పందం) పేరు టెంపోరల్‌అడ్జస్టర్. ముందే రాసి పెట్టిన నియమాలు టెంపోరల్‌అడ్జస్టర్స్ అనే క్లాసులో ఉన్నాయి. నెల మొదటి రోజు, నెల చివరి రోజు, వచ్చే నెల మొదటి రోజు, సంవత్సరం మొదటి, చివరి రోజులు, నెలలో మొదటి సోమవారం, చివరి శుక్రవారం, వచ్చే ఆదివారం, గడిచిన ఆదివారం వంటివన్నీ అందులో దొరుకుతాయి. నెలాఖరు ఇలా వస్తుంది:

నెలాఖరు = తేదీ.విత్(టెంపోరల్‌అడ్జస్టర్స్.లాస్ట్‌డేఆఫ్‌మంత్())

వీటిలో రెండు చోట్ల కాలు జారుతుంది. నెక్స్ట్ అనేది సోమవారం నాడు “వచ్చే సోమవారం” అడిగితే ఏడు రోజుల తరువాతి సోమవారాన్ని ఇస్తుంది. ఈ రోజు సోమవారమైతే ఈ రోజే చాలు అనుకుంటే నెక్స్ట్‌ఆర్‌సేమ్ వాడాలి. రెండోది, నెలలో ఐదో శనివారం కావాలని డేఆఫ్‌వీక్‌ఇన్‌మంత్‌ను అడిగినప్పుడు ఆ నెలలో నాలుగే శనివారాలు ఉంటే అది ఎర్రర్ ఇవ్వదు, చడీచప్పుడు లేకుండా తరువాతి నెలలోకి పోతుంది. 2026 ఫిబ్రవరికి ఐదో శనివారం అడిగితే మార్చి 7 వస్తుంది. ఫలితం అదే నెలలో ఉన్నదా లేదా అన్నది మీరే పరీక్షించుకోవాలి.

ఇప్పుడు చిట్టీ లెక్కను సరిగా రాయవచ్చు. దాచుకోవలసింది 31 కాదు, 30 కాదు. “2026 జనవరితో మొదలు, ప్రతి నెలా ఆఖరు రోజు” అన్న నియమం. అందుకు ఇయర్‌మంత్ సరిపోతుంది:

నెల = మొదటి_నెల.ప్లస్‌మంత్స్(కిస్తు_సంఖ్య)
గడువు = నెల.ఎట్‌ఎండ్‌ఆఫ్‌మంత్()

ఇయర్‌మంత్‌లో రోజే లేదు కాబట్టి కుదింపు జరిగే అవకాశమే లేదు. జనవరిలో మొదలైనా, ఏప్రిల్‌లో మొదలైనా, లీపు సంవత్సరం వచ్చినా ఈ రెండు వరుసలూ మారవు.

ఆరో అడుగు: సొంత నియమం రాయడం

గడువు బ్యాంకు సెలవు నాడు పడితే ఏం చేయాలి? 2015 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో బ్యాంకులకు ప్రతి నెలా రెండో, నాలుగో శనివారాలు సెలవు; మొదటి, మూడో శనివారాలు, ఐదోది వస్తే అది కూడా పని దినాలే. ఈ నియమం జావా లైబ్రరీలో ముందే రాసి ఉండదు కాబట్టి మనమే రాసుకోవాలి.

ముందుగా, ఇచ్చిన తేదీ సెలవా కాదా అని చెప్పే మెథడ్ ఒకటి కావాలి. ఆదివారమైతే సెలవు. శనివారమై తేదీ 8 నుంచి 14 లోపు ఉంటే అది తప్పనిసరిగా రెండో శనివారం. 22 నుంచి 28 లోపు ఉంటే నాలుగోది. నెల మొదటి రోజు ఏ వారమైనా ఈ లెక్క తప్పదు, కాబట్టి శనివారాలను ఒక్కొక్కటిగా లెక్కించనక్కరలేదు. వీటికి తోడు ఆ సంవత్సరపు పండుగ సెలవుల తేదీలు ఒక సెట్‌లో ఉండాలి. ఆ పట్టికను ప్రోగ్రాంలో రాయకుండా బయట ఫైలులోనో డేటాబేస్‌లోనో ఉంచితే ఏడాదికొకసారి దాన్ని మారిస్తే చాలు.

ఆ తరువాత సవరణ నియమం. తేదీ సెలవైనంత సేపు ఒక రోజు ముందుకు జరుపుతూ పోయి, సెలవు కాని రోజు దొరకగానే ఆగాలి. దీన్ని టెంపోరల్‌అడ్జస్టర్స్‌లోని ఆఫ్‌డేట్‌అడ్జస్టర్ అనే మెథడ్‌కు అందిస్తే పూర్తి స్థాయి అడ్జస్టర్ తయారవుతుంది:

తరువాతి_పనిదినం = టెంపోరల్‌అడ్జస్టర్స్.ఆఫ్‌డేట్‌అడ్జస్టర్(తేదీ -> పనిదినం_వెతుకు(తేదీ))
కట్టవలసిన_రోజు = గడువు.విత్(తరువాతి_పనిదినం)

నేరుగా ఇంటర్‌ఫేస్‌ను అమలు చేయకుండా ఈ దారిలో పోవడానికి కారణం ఉంది. ఇలా తయారైన అడ్జస్టర్ లోకల్‌డేట్ మీదనే కాక లోకల్‌డేట్‌టైమ్ మీద, జోన్డ్‌డేట్‌టైమ్ మీద కూడా పనిచేస్తుంది. లోపలి మెథడ్ తేదీని మాత్రమే చూస్తుంది, గంటలు, నిమిషాలు చెక్కుచెదరవు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఇక్కడ నిజంగా ఉపయోగపడిందని నాకు అనిపిస్తుంది: నియమానికి ఒక పేరు వచ్చింది, దాన్ని ఒక్కచోట పరీక్షించవచ్చు, పది చోట్ల వాడవచ్చు.

2026లో దీన్ని నడిపి చూడండి. జనవరి 31 శనివారం, కానీ ఐదోది కాబట్టి పని దినమే, తేదీ కదలదు. ఫిబ్రవరి 28 నాలుగో శనివారం; మరునాడు ఆదివారం; కాబట్టి మార్చి 2 సోమవారానికి పోతుంది. మే 31 ఆదివారం, జూన్ 1కి పోతుంది. ఇక్కడ మరో ప్రశ్న పుడుతుంది: ఫిబ్రవరి కిస్తు మార్చిలో జమ అయితే ఫిబ్రవరి లెక్కలు ఎలా మూస్తారు? కొందరు నెల దాటకూడదని నియమం పెట్టుకుంటారు. అప్పుడు ముందుకు జరిపిన తేదీ నెల మారితే, వెనక్కి నడిచి ఫిబ్రవరి 27 శుక్రవారాన్ని పట్టుకోవాలి. ఏది సరైనదో జావా చెప్పలేదు, మీరూ ఊహించకండి. చిట్టీ నడిపే మనిషిని అడగండి.

ఒక హెచ్చరిక. సెలవు వల్ల జరిపిన తేదీని ఎప్పుడూ తరువాతి కిస్తుకు మొదలుగా తీసుకోవద్దు. ఫిబ్రవరి గడువు మార్చి 2కు జరిగిందని అక్కడి నుంచి నెల కలిపితే ఏప్రిల్ 2 వస్తుంది, మార్చి నెల కిస్తు మాయమవుతుంది. అసలు గడువు ఒక ఫీల్డులో, కట్టవలసిన రోజు వేరొక ఫీల్డులో ఉండాలి.

ఏడో అడుగు: గంటలు, అర్ధరాత్రి

కాజీపేట జంక్షన్‌లో రాత్రి 22:50కి బయలుదేరిన బండి 3 గంటల 20 నిమిషాలు ప్రయాణిస్తుందనుకోండి. లోకల్‌టైమ్‌కు ఆ వ్యవధి కలిపితే 02:10 వస్తుంది. అది మరునాటిదని చెప్పే ఆధారం అందులో లేదు. అంతకన్నా చిక్కు, 22:50 నుంచి 02:10కి మధ్య వ్యవధి ఎంత అని రెండు లోకల్‌టైమ్‌లతో డ్యురేషన్‌ను అడిగితే 3 గంటల 20 నిమిషాలు రాదు, మైనస్ 20 గంటల 40 నిమిషాలు వస్తుంది. అర్ధరాత్రి దాటే ఏ పనికైనా, అది బండి ప్రయాణమైనా ఆసుపత్రి నైట్ డ్యూటీ అయినా, లోకల్‌డేట్‌టైమ్‌ను మించి కిందికి దిగవద్దు.

రోజువారీ నివేదికలకు హద్దులు పెట్టేటప్పుడు చాలామంది 23:59:59 అని రాస్తారు. ఆ చివరి సెకనులో సగం గడిచాక వచ్చిన చెల్లింపు ఏ రోజుకూ చెందకుండా పోవచ్చు. ఆ రోజు ఎట్‌స్టార్ట్‌ఆఫ్‌డే నుంచి, మరునాటి ఎట్‌స్టార్ట్‌ఆఫ్‌డే కన్నా ముందు దాకా అని హద్దు పెట్టండి. మొదటిది కలుపుకోవాలి, రెండోదాన్ని కలుపుకోకూడదు.

ఎనిమిదో అడుగు: దుబాయి, డల్లాస్

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్‌లో పనిచేసే మనిషి లేని ఊరు వెతకాల్సిందే, వరంగల్‌లో అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లకూ కొదవ లేదు. టైమ్ జోన్ పాఠానికి ఈ రెండు దేశాలకు మించిన ఉదాహరణలు లేవు. దుబాయి మనకన్నా గంటన్నర వెనుక ఉంటుంది, ఏడాది పొడుగునా అంతే. డల్లాస్ అలా కాదు. మనకు రాత్రి 8:30 అయినప్పుడు అక్కడ చలికాలంలో ఉదయం 9:00, వేసవిలో 10:00. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు; 2026లో అవి మార్చి 8, నవంబరు 1.

కాబట్టి తేడాను పదకొండున్నర గంటలని ప్రోగ్రాంలో రాసి పెట్టకూడదు. జోన్‌ఐడీని పూర్తి పేరుతో ఇవ్వాలి: మనకు ఏషియా/కోల్‌కతా, దుబాయికి ఏషియా/దుబాయి, డల్లాస్‌కు అమెరికా/షికాగో. ఐఎస్‌టీ వంటి మూడక్షరాల పొట్టి పేర్లు వాడవద్దు. మనం భారత కాలమానం అనుకునే ఆ మూడక్షరాలే ఐర్లండ్‌కు, ఇజ్రాయెల్‌కు కూడా చెల్లుతాయి.

జోన్ మార్చడానికి రెండు మెథడ్‌లున్నాయి, అర్థాలు పూర్తిగా వేరు. విత్‌జోన్‌సేమ్‌ఇన్‌స్టంట్ అంటే క్షణం అదే, గడియారం ముల్లు మారుతుంది: ఇక్కడి రాత్రి 8:30 అక్కడ ఎంత అన్న ప్రశ్నకు జవాబు. విత్‌జోన్‌సేమ్‌లోకల్ అంటే ముల్లు అదే, క్షణం మారుతుంది: తేదీని పొరపాటున తప్పు జోన్‌తో చదివినప్పుడు దిద్దడానికి పనికొస్తుంది. వాడకంలో వందకు తొంభై తొమ్మిది పాళ్లు మీకు కావలసింది మొదటిదే.

గడియారం మారే రోజున “ఒక రోజు”, “24 గంటలు” వేరు వేరు. డల్లాస్‌లో 2026 మార్చి 7 రాత్రి 8:00కు ఒక రోజు కలిపితే మార్చి 8 రాత్రి 8:00. 24 గంటలు కలిపితే మార్చి 8 రాత్రి 9:00. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోమని గుర్తుచేసే ప్రోగ్రాంకు మొదటిది కావాలి, 24 గంటలకోసారి నమూనా తీసే ప్రయోగశాలకు రెండోది. ఆ మార్చి 8న తెల్లవారుజామున 2:30 అనే వేళ అక్కడ లేనే లేదు. దాన్ని అడిగితే జావా 3:30 ఇస్తుంది.

జరిగిపోయిన సంఘటనలను ఇన్‌స్టంట్‌గా, జరగబోయే సమావేశాలను స్థానిక సమయం, జోన్‌ఐడీ కలిపి భద్రపరచండి. ఏ ప్రభుత్వమైనా రేపు గడియారం నియమం మార్చవచ్చు. మన దేశంలోనే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గంట ముందుకు జరిపారు. అప్పుడు కూడా ఉదయం పది గంటల సమావేశం పది గంటలకే జరగాలి కదా.

తేడాలు లెక్కించేటప్పుడు

రెండు తేదీల మధ్య ఎన్ని రోజులని తెలుసుకోవడానికి పీరియడ్‌లోని గెట్‌డేస్‌ను వాడకండి. 2026 జనవరి 31 నుంచి మార్చి 1కి పీరియడ్ “ఒక నెల ఒక రోజు” అవుతుంది, గెట్‌డేస్ 1 అని చెబుతుంది. మొత్తం రోజులు 29 కావాలంటే క్రోనోయూనిట్.డేస్.బిట్వీన్ అడగాలి. వయసు చెప్పడానికి పీరియడ్, వడ్డీ లెక్కకు క్రోనోయూనిట్ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

కలపడం కుదరని తేదీలు

ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21న మొదలైంది. దానికి ప్లస్‌ఇయర్స్‌తో రెండేళ్లు కలిపితే 2026 ఫిబ్రవరి 21 వస్తుంది. జాతర మొదలైనది 2026 జనవరి 28న. జాతరకు ఆధారమైన మాఘ శుద్ధ పౌర్ణమి చంద్రుడి లెక్క, జావా లోకల్‌డేట్ సూర్యుడి లెక్క. రెండు తేదీల మధ్య 707 రోజులు, అంటే సరిగ్గా 101 వారాలు, రెండూ బుధవారాలే. ఆ సంఖ్య అందంగా కుదిరిందని 707 రోజులు కలుపుతూ పోదామని నాకూ ఒకసారి ఆశ పుట్టింది, కానీ మధ్యలో అధిక మాసం వచ్చిన జంట సంవత్సరాల్లో ఆ లెక్క నిలవదు. పండుగలు, జాతరల తేదీలను పంచాంగం చూసి పట్టికలో పెట్టుకోవడమే దారి, ఆరో అడుగులోని సెలవుల సెట్‌లో పెట్టినట్టే.

చివరి అడుగు: గడియారాన్ని బయటి నుంచి ఇవ్వండి

మెథడ్ లోపల నేరుగా నౌ అని, అంటే ఇప్పటి తేదీ ఇమ్మని, పిలిస్తే ఆ ప్రోగ్రాం ఈ రోజు ఎలా పనిచేస్తుందో మాత్రమే చూడగలరు. ఫిబ్రవరి తప్పు ఫిబ్రవరిలోనే బయటపడుతుంది. అందుకే క్లాసుకు కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే భాగం) ద్వారా క్లాక్ ఆబ్జెక్ట్‌ను అందించి, లోపల లోకల్‌డేట్.నౌ(గడియారం) అని రాయాలి. నిజమైన వాడకంలో అది ఏషియా/కోల్‌కతా గడియారం, టెస్టులో క్లాక్.ఫిక్స్‌డ్‌తో ఆపి పెట్టిన గడియారం.

నా టెస్టుల్లో ఇప్పుడు తప్పనిసరిగా ఉండే తేదీలు ఇవి: లీపు సంవత్సరంలోనూ, మామూలు సంవత్సరంలోనూ జనవరి 31, లీపు సంవత్సరపు ఫిబ్రవరి 29, దానికి ఒక ఏడాది కలిపితే ఫిబ్రవరి 28 రావాలి, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31, మొదలయ్యే ఏప్రిల్ 1, నాలుగో శనివారం నాడు పడే నెలాఖరు, అంటే 2026 ఫిబ్రవరి 28, రాత్రి 12కు ఒక నిమిషం ముందు, ఒక నిమిషం తరువాత. వీటితో పాటు ఆ రెండో చిట్టీ మొదలైన ఏప్రిల్ 30ని కూడా ఉంచాను. దాని పక్కన రావలసిన జవాబు మే 31 అని రాసి ఉంది.